ఛానల్ ధర మీద ట్రాయ్ అధికారం: స్టార్ ఇండియా కేసు, ఒక కేబుల్ లాయర్ విశ్లేషణ

స్టార్ ఇండియా, దానితో పాటు విజయ్ టెలివిజన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2018 అక్టోబర్ 30న తీర్పు చెప్పింది. కేబుల్ రంగం కేసులు చూసే మాకు ఆ తీర్పుతో ఇప్పటికీ పని పడుతూనే ఉంటుంది. ఒక ప్రైవేటు కంపెనీ తన డబ్బుతో ప్రోగ్రాములు తీయించి, తన ఛానల్లో వేసి, తనకు నచ్చిన రేటుకు అమ్ముకుంటానంటుంది. ఏ ఛానల్‌ని దేనితో కలిపి అమ్మాలో, కలిపితే రేటు ఎంత దాటకూడదో మేం చెబుతామని టెలికం రంగాన్ని నియంత్రించే సంస్థ ట్రాయ్ అంటుంది. ఆ మాట అనే హక్కు ట్రాయ్‌కి ఎవరిచ్చారు? ఈ ప్రశ్నకు ఇంతకంటే సూటిగా జవాబిచ్చిన తీర్పు మన దగ్గర మరొకటి నాకు కనపడలేదు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను ఎక్కువగా ఎంఎస్‌ఓల తరఫున, అంటే ఛానళ్ల సిగ్నల్ తీసుకుని లోకల్ ఆపరేటర్లకు అందించే పెద్ద కేబుల్ కంపెనీల తరఫున, అప్పుడప్పుడు ఊళ్లలో లైన్లు నడిపే లోకల్ ఆపరేటర్ల తరఫున వాదిస్తాను. నా చూపు అటువైపు నుంచే ఉంటుంది. బ్రాడ్‌కాస్టర్ల, అంటే ఛానల్ యజమానుల, లాయర్లు ఇదే కేసును ఇంకోలా చెబుతారు.

అధికారం ఎక్కడ పుట్టింది

1991 గల్ఫ్ యుద్ధం రోజుల్లో డిష్‌లు వచ్చాయి. మేడ మీద డిష్ పెట్టి, కరెంటు స్తంభాల మీదుగా వైరు లాగి ఇంటింటికీ కనెక్షన్ ఇచ్చినవాడే కేబుల్ ఆపరేటర్. ప్రభుత్వం 1994లో ఆర్డినెన్స్, 1995లో చట్టం తెచ్చేసరికే వ్యాపారం వీధివీధికీ పాకిపోయింది. 1995 చట్టం ఆపరేటర్‌ని హెడ్ పోస్టాఫీసుకు వెళ్లి రిజిస్ట్రేషన్ చేయించుకోమంది. దూరదర్శన్ ఛానళ్లు తప్పకుండా చూపించమంది. ప్రోగ్రామ్ కోడ్ పాటించకపోతే సామాన్లు జప్తు చేస్తామంది. నెలకు ఎంత వసూలు చేయాలో, ఛానల్ యజమానికి ఎంత కట్టాలో మాత్రం అందులో లేదు.

1997లో ట్రాయ్ చట్టం వచ్చింది. అందులో టెలికం సర్వీసు నిర్వచనం చూస్తే, బ్రాడ్‌కాస్టింగ్ దాని కిందికి రాదని రాసి ఉంది. అంటే మొదట్లో ట్రాయ్‌కి టీవీతో సంబంధమే లేదు. 2000లో చట్టాన్ని సవరించినప్పుడు ఆ నిర్వచనానికి ఒక మినహాయింపు తగిలించారు: కేంద్రం నోటిఫికేషన్ ఇస్తే బ్రాడ్‌కాస్టింగ్ కూడా టెలికం సర్వీసు అవుతుంది. ఆ నోటిఫికేషన్ 2004 జనవరి 9న వచ్చింది. జనవరి 15కల్లా ట్రాయ్ మొదటి ఆర్డరు వేసేసింది. కేబుల్ ఛార్జీలు 2003 డిసెంబర్ 26న ఎంత ఉన్నాయో అంతకు మించడానికి వీల్లేదని.

మా క్లయింట్లలో చాలామందికి ఒక నమ్మకం ఉంటుంది, "గవర్నమెంటు కదండీ, తలుచుకుంటే ఏమైనా చేస్తుంది" అని. అలా కుదరదు. కేబుల్ ధరల మీద ట్రాయ్ చేసిన ప్రతి పనీ, ఈ రోజు వరకూ, ఆ 2004 నోటిఫికేషన్ మీదే నిలబడి ఉంది. ఎవరైనా రెగ్యులేటర్ నుంచి ఆర్డరు పట్టుకొస్తే నేను మొదట వెతికేది కూడా అలాంటి కాగితాన్నే.

పెట్టె వచ్చాక

అయినా 2004 నుంచి పదేళ్ల పాటు ఆ అధికారం సగం కాగితం మీదే ఉండిపోయింది. ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో ఎవరికీ తెలియదు మరి. ఎనిమిది వందల ఇళ్లున్న ఆపరేటర్ రెండొందలని చూపించేవాడు. అది బ్రాడ్‌కాస్టర్‌కీ తెలుసు. అందుకని అడిగిన ఛానల్‌తో పాటు అడగని పది ఛానళ్లు అంటగట్టి, అన్నిటికీ కలిపి ఒక మొత్తం చెప్పేవాడు. బేరం కుదరకపోతే సరిగ్గా క్రికెట్ మ్యాచ్ ముందు రోజు సిగ్నల్ ఆగేది. ఇద్దరిలో ఎవరూ తక్కువ తినలేదు. మధ్యలో నలిగింది నెలనెలా డబ్బు కట్టేవాడే.

డిజిటల్ సెట్‌టాప్ బాక్సులు తప్పనిసరి చేశాక ఈ లెక్క మారింది. మన దగ్గర హైదరాబాద్, విశాఖపట్నం రెండో విడతలో ఉన్నాయి, గడువు 2013 మార్చి 31. ఇంట్లో ఏ ఛానల్ తెరుచుకుంటోందో కంట్రోల్ రూమ్‌లో సర్వర్ చెప్పేస్తుంది కాబట్టి, కనెక్షన్ల లెక్క దాచడానికి వీలు తగ్గిపోయింది. ఛానల్ లెక్కన ధర అనే ఆలోచనకు అప్పుడు గాని ప్రాణం రాలేదు.

2017 మార్చి 3న ట్రాయ్ రెండు ముఖ్యమైన పత్రాలు నోటిఫై చేసింది. ఒకటి ఇంటర్‌కనెక్షన్ (బ్రాడ్‌కాస్టర్, పంపిణీ చేసేవాడు సిగ్నల్ ఇచ్చిపుచ్చుకోవడం) నిబంధనలు, రెండోది టారిఫ్ ఆర్డర్. వాటి సారం: ప్రతి పే ఛానల్‌కీ బ్రాడ్‌కాస్టర్ విడిగా ఎమ్మార్పీ ప్రకటించాలి. ఎమ్మార్పీ ఎంతైనా పెట్టుకోవచ్చు, కానీ 19 రూపాయలు దాటిన ఛానల్‌ని బొకేలో, అంటే కొన్ని ఛానళ్లు కలిపి అమ్మే ప్యాక్‌లో, పెట్టకూడదు. బొకే మీద డిస్కౌంట్, విడి ధరల మొత్తంలో 15 శాతం మించకూడదు. పే ఛానల్‌నీ ఫ్రీ ఛానల్‌నీ ఒకే బొకేలో కలపకూడదు. వంద ఎస్‌డీ (మామూలు క్వాలిటీ) ఛానళ్ల వరకూ నెట్‌వర్క్ ఫీజు, అంటే ఛానళ్ల ధర కాక కనెక్షన్‌కి కట్టేది, నెలకు 130 రూపాయలు దాటకూడదు. పే ఛానల్ ఎమ్మార్పీలో కనీసం 20 శాతం పంపిణీ చేసేవాడికి రావాలి. ఎంఎస్‌ఓకీ లోకల్ ఆపరేటర్‌కీ ఒప్పందం కుదరకపోతే నెట్‌వర్క్ ఫీజును 55, 45గా పంచుకోవాలి.

మా వాళ్ల కళ్లు వెంటనే ఆ 55, 45 మీద పడ్డాయి. స్టార్ కళ్లు 19 మీదా, 15 మీదా పడ్డాయి.

వాదన

స్టార్, విజయ్ మద్రాస్ హైకోర్టుకు వెళ్లాయి. టెలికం, ప్రసార రంగాల వివాదాలు చూసే ట్రిబ్యునల్ టీడీశాట్‌కి ఎందుకు వెళ్లలేదనేది జూనియర్లు తరచూ అడిగే ప్రశ్న. బీఎస్‌ఎన్‌ఎల్, ట్రాయ్ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2013 డిసెంబర్‌లోనే తేల్చేసింది: ట్రాయ్ తన చట్టంలోని 36వ సెక్షన్ కింద చేసిన నిబంధన చెల్లుతుందా లేదా అని చూసే అధికారం టీడీశాట్‌కి లేదు. నిబంధన అమలులో గొడవైతే టీడీశాట్, నిబంధననే కొట్టేయమంటే హైకోర్టు. ఈ తేడా పట్టించుకోకుండా తప్పు తలుపు తట్టి నెలలు పోగొట్టుకున్న వాళ్లను చూశాను.

కేసు పేరులో మొదటి ప్రతివాదిగా పారిశ్రామిక విధానాల శాఖ కనిపించడం చాలామందికి వింతగా ఉంటుంది. కాపీరైట్ చట్టం అప్పటికి ఆ శాఖ చేతిలో ఉంది. స్టార్ వాదన మొత్తం కాపీరైట్ మీదే నడిచింది కాబట్టి పేరు అలా పడింది.

వాదన గట్టిదే. మీకు సిగ్నల్ మోసే దారి మీద అధికారం ఉంది, దారిలో వెళ్లే సరుకు మీద లేదు అన్నారు. ప్రోగ్రామ్ మాది, దాని మీద కాపీరైట్ చట్టం మాకు హక్కులిచ్చింది. ప్రసారం చేసినందుకు అదే చట్టం 37వ సెక్షన్ కింద బ్రాడ్‌కాస్టర్‌గా మాకు విడిగా మరో హక్కు ఉంది. ఆ హక్కును ఏ ధరకు, దేనితో కలిపి అమ్ముకోవాలో చెప్పడమంటే, టెలికం చట్టం పేరు చెప్పి కాపీరైట్ చట్టంలో వేలు పెట్టడమే అన్నది వాళ్ల మాట.

ట్రాయ్ దీనికి సరుకు గురించి జవాబు వెతకలేదు. సంబంధం గురించి మాట్లాడింది. 2004 నోటిఫికేషన్ తర్వాత బ్రాడ్‌కాస్టర్ కూడా సర్వీస్ ప్రొవైడరే, ఎంఎస్‌ఓ కూడా సర్వీస్ ప్రొవైడరే. సర్వీస్ ప్రొవైడర్ల మధ్య ఇంటర్‌కనెక్షన్ షరతులు పెట్టడం, వాళ్లు ఆదాయం ఎలా పంచుకోవాలో చూడటం ట్రాయ్ చట్టం 11వ సెక్షన్ మాకిచ్చిన పని. రేట్లు నోటిఫై చేయడం అదే సెక్షన్‌లో రెండో భాగం. మీరు ఏ సీరియల్ తీస్తారో మాకు అనవసరం, ఒకరికొకరు ఏ షరతు మీద ఇచ్చిపుచ్చుకుంటారో మాకు అవసరం.

2018 మార్చి 2న మద్రాస్ హైకోర్టు ధర్మాసనం రెండుగా చీలింది. చీఫ్ జస్టిస్ ఇందిరా బెనర్జీ ట్రాయ్‌కి అధికారం ఉందన్నారు. జస్టిస్ ఎం.సుందర్ సరుకును తాకే నిబంధనలు చెల్లవన్నారు. మూడో జడ్జి జస్టిస్ ఎం.ఎం.సుంద్రేష్ అదే ఏడాది మే 23న చీఫ్ జస్టిస్ వైపు మొగ్గారు. 15 శాతం డిస్కౌంట్ పరిమితి మాత్రం నిరంకుశమని పక్కకు పోయింది. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, దీని సంగతి కింద వస్తుంది.

సుప్రీంకోర్టులో జస్టిస్ ఆర్.ఎఫ్.నారిమన్, జస్టిస్ నవీన్ సిన్హా స్టార్ అప్పీలు కొట్టేశారు. తీర్పులో నాకు ముఖ్యమనిపించేవి రెండు. ట్రాయ్ చట్టం ప్రజాప్రయోజనం కోసం వచ్చింది కాబట్టి, బ్రాడ్‌కాస్టర్‌కి 37వ సెక్షన్ కింద రావాల్సిన డబ్బును ట్రాయ్ ప్రజాప్రయోజనంతో క్రమబద్ధీకరిస్తే, అంతవరకూ కాపీరైట్ చట్టం తగ్గాల్సిందే అన్నారు. రెండోది, విడి ఛానల్ ధర బ్రాడ్‌కాస్టర్ ఇష్టానికే వదిలేశారు కదా, అడ్డు పడుతున్నది బొకేలో పెట్టినప్పుడే కదా అని చూశారు. ట్రాయ్ విడి ధరకు కూడా పైకప్పు వేసి ఉంటే ఫలితం ఇంత సులువుగా వచ్చేది కాదని నా అభిప్రాయం.

అదే జడ్జి, వేరే ఫలితం

ఈ తీర్పు ఒక్కటే చదివితే ట్రాయ్ ఏం చేసినా చెల్లుతుందనిపిస్తుంది. అందుకే దీని పక్కన కాల్ డ్రాప్ కేసు పెట్టుకుని చదవాలి. ఫోన్ మాట్లాడుతుండగా కట్ అయితే కస్టమర్‌కి ఒక్కో కాల్‌కి రూపాయి, రోజుకు మూడు కాల్స్ వరకూ జమ చేయాలని ట్రాయ్ 2015 అక్టోబర్‌లో నిబంధన పెట్టింది. జనం చప్పట్లు కొట్టారు. 2016 మే 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు రాసిందీ జస్టిస్ నారిమనే.

అధికారం పుట్టిన సెక్షన్లు రెండు కేసుల్లోనూ దాదాపు ఒకటే. అక్కడ ఏం తేడా కొట్టింది? రెండు శాతం దాకా కాల్ డ్రాప్స్ ఉండొచ్చని ట్రాయ్ ప్రమాణాలే ఒప్పుకుంటుండగా, ఆ ప్రమాణం పాటించిన కంపెనీకీ జరిమానా పడుతోంది. కాల్ తెగడానికి ఒక్కోసారి కస్టమరే కారణం కావచ్చన్న సంగతికి నిబంధనలో చోటే లేదు. కంపెనీలు లేవనెత్తిన అభ్యంతరాలకు సరైన జవాబు లేదు. ఆ తీర్పు చివర్లో కోర్టు ఇంకో అడుగు వేసి, నిబంధన చేసే ముందు జనాభిప్రాయం తీసుకుని దానికి కారణాలతో జవాబివ్వాలనే పద్ధతిని అమెరికాలో లాగా చట్టంగా తేవాలని పార్లమెంటుకు సూచించింది.

2017 టీవీ నిబంధనల వెనక అలాంటి కసరత్తు ఉంది. సంప్రదింపుల పత్రాలు, వచ్చిన అభిప్రాయాలు, ఏది ఎందుకు ఒప్పుకున్నారో ఎందుకు ఒప్పుకోలేదో చెప్పే సుదీర్ఘ వివరణ పత్రం ఉన్నాయి. తీర్పులో ఆ వివరణ పత్రం నుంచి ఎత్తిరాసిన భాగాలు చూస్తేనే తెలుస్తుంది కోర్టు దానికి ఎంత బరువిచ్చిందో. 15 శాతం పరిమితి పడిపోయింది కూడా, ఆ అంకెకే ఎందుకు ఆగారో ఒప్పించే సమాధానం దొరకక.

గెలిచాక ఏమైంది

2019 ఫిబ్రవరి 1 నుంచి కొత్త పద్ధతి మొదలైంది, జనం ఛానళ్లు ఎంచుకోవడానికి మార్చి 31 దాకా గడువు పెంచారు. ఆ రెండు నెలలు ఆపరేటర్లకు నరకం. ఫారాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగితే "మాకు అన్నీ వేసెయ్ బాబూ, ఎప్పట్లాగే రెండొందలు ఇస్తాం" అనేవాళ్లు. అన్నీ వేస్తే బిల్లు ఎంతవుతుందో చెప్పేసరికి తిట్లు.

ఒక్క బిల్లు లెక్క చూద్దాం. నెట్‌వర్క్ ఫీజు 130. స్టార్ మా, జెమినీ, జీ తెలుగు లాంటి ఛానళ్లు మూడు విడిగా తీసుకుంటే, ఒక్కోటీ 19 చొప్పున 57. మొత్తం 187. దాని మీద 18 శాతం జీఎస్‌టీ 33.66. చేతికొచ్చే బిల్లు 220.66. ఇందులో ఇంకా స్పోర్ట్స్ లేదు, సినిమా ఛానల్ లేదు, పిల్లల ఛానల్ లేదు. ఒక్క పే ఛానల్ కూడా లేకుండా ఫ్రీ ఛానళ్లే చూసినా 153.40 కట్టాలి. పల్లెల్లో అంతకుముందు ఆ డబ్బుకు పే ఛానళ్లు కూడా వచ్చేవి.

19 అనే పైకప్పు చివరికి నేలగా మారింది. పేరున్న ఛానళ్లు చాలావరకూ సరిగ్గా 19 దగ్గరే ధర పెట్టుకున్నాయి. 15 శాతం పరిమితి కోర్టులో పోయింది కాబట్టి బొకే మీద డిస్కౌంట్‌కి అడ్డు లేదు. విడిగా కొంటే వాచిపోయేలా, బొకేలో కొంటే చవకగా కనిపించేలా రేట్లు అమరాయి. డిస్కౌంట్లు 70 శాతం దాకా వెళ్లాయని ట్రాయే 2019 సంప్రదింపుల పత్రంలో రాసుకుంది. ఎవరి ఛానల్ వాళ్లు ఎంచుకోవడం అనే అసలు ఉద్దేశం అక్కడే దెబ్బతింది. కేసులో అధికారం మొత్తం గెలిచి, అధికారానికి పదును ఇచ్చే ఒక్క అంకె ఓడిపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు.

2020 జనవరి 1న ట్రాయ్ మళ్లీ సవరించింది. పైకప్పు 12కి దించి, బొకే ధరకూ విడి ధరకూ మధ్య రెండు షరతులు పెట్టింది. బ్రాడ్‌కాస్టర్లు ఈసారి బాంబే హైకోర్టుకు వెళ్లారు. 2021 జూన్ 30న ఆ కోర్టు ఒక షరతు తప్ప మిగతావన్నీ నిలబెట్టింది. అక్కడా అధికారం ఉందా అనే ప్రశ్న దాదాపు ముగిసిపోయిన విషయంలాగే నడిచింది, స్టార్ తీర్పు పుణ్యమా అని. ఆ తర్వాత 2022 నవంబర్‌లో ట్రాయ్ తనంతట తనే 12ను మళ్లీ 19 చేసి, డిస్కౌంట్ 45 శాతం వరకూ ఒప్పుకుంది. 2024 జూలైలో నెట్‌వర్క్ ఫీజు మీద పరిమితి కూడా ఎత్తేసింది. కోర్టులో గెలుచుకున్నదాన్ని రెగ్యులేటర్ మెల్లమెల్లగా తనే వదిలేసుకుంటోంది.

మా రోజువారీ పనికి మాత్రం ఆ నిబంధనల్లో కంటికి కనపడని ముక్కలే ఎక్కువ ఉపయోగపడ్డాయి. ఉదాహరణకు సిగ్నల్ ఆపేముందు మూడు వారాల నోటీసు, కారణాలతో సహా. కోస్తా జిల్లాకు చెందిన ఒక ఎంఎస్‌ఓ ఒకసారి ఫోన్ చేసి, "సార్, రేపు రాత్రికి సిగ్నల్ కట్ అంట, ఊరంతా నా మీద పడిపోద్ది" అని టెన్షన్ పడిపోయాడు. నోటీసు వాట్సాప్‌లో పంపమన్నాను. ఒకే పేజీ. వాణిజ్య కారణాల వల్ల అని ఒక్క ముక్క తప్ప బాకీ ఎంతో, ఏ బిల్లు తాలూకో లేదు. పైన వేసిన తేదీకీ, కవరు మీద కొరియర్ స్టాంపుకీ మధ్య తొమ్మిది రోజుల తేడా ఉంది. కవరు అందిన రోజు నుంచి లెక్కేస్తే మూడు వారాలు నిండలేదు. ఆ కవరు ఫొటో పిటిషన్‌కి జతచేసి టీడీశాట్‌కి వెళ్లాం, విచారణ దాకా సిగ్నల్ ఆపొద్దని ఆదేశం వచ్చింది. ధర గురించి అక్కడ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కవరు పారేయకుండా దాచినందుకు అతనికే థ్యాంక్స్ చెప్పాలి.

అదే వైరులో ఇంటర్నెట్

ఇప్పుడు మా క్లయింట్లలో చాలామంది అదే స్తంభం మీద, అదే ఫైబర్‌లో టీవీతో పాటు ఇంటర్నెట్ కూడా ఇస్తున్నారు. టీవీకి సమాచార ప్రసార శాఖ రిజిస్ట్రేషన్, ఇంటర్నెట్‌కి టెలికం శాఖ లైసెన్స్. ధరల విషయంలో రెండిటికీ ట్రాయే. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్, ఫలానా వెబ్‌సైట్ చూస్తే ఒక రేటు, ఇంకోటి చూస్తే ఇంకో రేటు కుదరదని నిబంధన చేసి కొన్ని వెబ్‌సైట్లు మాత్రం ఉచితంగా ఇచ్చే ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్‌కి ఇక్కడ తెర దించినప్పుడు వాడింది కూడా ఈ 11, 36 సెక్షన్లనే. దారి మీద అధికారం కాబట్టి అక్కడ పేచీ తక్కువ.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ గొడవ తెలిసే ఉంటుంది. అక్కడి టెలికం రెగ్యులేటర్ ఎఫ్‌సీసీ 2015లో ఇంటర్నెట్‌ని టెలికం సర్వీసు అంది, 2017లో కాదంది, 2024లో మళ్లీ అవునంది. 2025 జనవరి 2న ఆరో సర్క్యూట్ అప్పీల్ కోర్టు, చట్టంలో నిర్వచనం అలా లేదని ఆ ఆర్డర్‌ని కొట్టేసింది. అస్పష్టంగా ఉన్న చట్టానికి రెగ్యులేటర్ చెప్పిన అర్థాన్నే కోర్టులు ఒప్పుకోనక్కర్లేదని 2024 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పడం దానికి దారి వేసింది. మన దగ్గర ఆ నిర్వచనం తలనొప్పిని 2004 నోటిఫికేషన్ టీవీ వరకూ తీర్చేసింది.

ఓటీటీకి అలాంటి నోటిఫికేషన్ లేదు. క్రికెట్ మ్యాచ్‌లను టీవీలో డబ్బు తీసుకుని, తన యాప్‌లో మొబైల్‌కి ఫ్రీగా చూపిస్తోందని స్టార్ మీద ఎంఎస్‌ఓల ఫెడరేషన్ టీడీశాట్‌కి వెళ్లింది. 2023 అక్టోబర్‌లో టీడీశాట్ ప్రాథమికంగా చూస్తే ఓటీటీ అనేది టీవీ ఛానల్ కాదని, అది ఐటీ నిబంధనల కిందికి వస్తుందని చెప్పింది. స్టార్ 2018లో ఓడిపోయిన వాదన, దారి వేరు సరుకు వేరు అనేది, యాప్ రూపంలో ఇలా నిలబడింది. ప్రసార సేవల కోసం కేంద్రం 2023 నవంబర్‌లో బయటపెట్టిన ముసాయిదా బిల్లులో ఓటీటీని కూడా చేర్చారు గాని అది చట్టం కాలేదు.

కాబట్టి ఐపీఎల్ సీజన్‌లో ఆపరేటర్లు ఎవరైనా వచ్చి, "అదే మ్యాచ్ ఫోన్‌లో ఊరికే వస్తుంటే నా కస్టమర్ ఎందుకు కడతాడండీ, కేసు వేద్దాం" అంటే, టీవీ ధర మీద ఫిర్యాదు ఉంటే రాసిస్తాను, యాప్ మీద వేయడానికి మాత్రం ప్రస్తుతానికి మనకు సెక్షన్ లేదని చెప్పి పంపిస్తున్నాను.